కేశారోపణానికి ముందు తెలియవలసినది



"పంతులుగారూ, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవడం దోషమా?" అని అర్చనానంతరం సంకోచిస్తూ అడిగే యువకుల సంఖ్య నానాటికీ పెరుగుతున్నది. వారిలో పలువురు ముప్పది ఏండ్లు నిండనివారు. బట్టతల కారణంగా వివాహ సంబంధాలు తప్పిపోయినవారూ ఉన్నారు. వారి వేదనను దేహవ్యామోహమని ఒక్కమాటతో త్రోసిపుచ్చడం సులభమే గాని న్యాయం కాదు.

నా అభిప్రాయం ముందుగానే నివేదిస్తాను. కేశారోపణం దోషం కాదు. దాని స్వరూపం తెలియక శిరస్సును అప్పగించడం దోషం. అది ఈయజాలని దానిని దానినుండి ఆశించడం అంతకంటె పెద్ద దోషం.

చికిత్సను మన శాస్త్రాలు నిషేధించలేదు. సుశ్రుతాచార్యులు తమ సంహితలో ఛిన్నమైన నాసికను తిరిగి సంధానించే విధానాన్ని ఉపదేశించారు. కేశాలు రాలిపోయే ఇంద్రలుప్తాన్ని క్షుద్రరోగాలలో పరిగణించి నిదానం చెప్పారు. రోగమని చెప్పినదానికి చికిత్స కోరడం అధర్మమెట్లవుతుంది? తిరుమల క్షేత్రంలో తరతరాలుగా వినవచ్చే కథ కూడా స్మరణీయం. దెబ్బ తగిలి స్వామివారి శిరస్సుపై కొంతభాగం కేశరహితం కాగా, గంధర్వ రాజకుమారి నీలాదేవి తన కురులను ఖండించి అక్కడ అమర్చినదట. భక్తులు సమర్పించే తలనీలాలు ఆమెకే చెందుతాయని స్వామి అనుగ్రహించారట. ఆ కథలో ప్రధానం సౌందర్యం కాదు, త్యాగం. అయినను, కేశలోపాన్ని పూరించుకోవడం నింద్యమని మాత్రం ఆ కథ చెప్పదు.

ఇక ఈ చికిత్స స్వరూపం. ఇందులో నూతన కేశసృష్టి ఏదీ లేదు. ఉన్న కేశాలకు స్థానభ్రంశం మాత్రమే. తల వెనుకభాగంలోని వెంట్రుక కుదుళ్ళను తీసి, పలుచబడిన చోట నాటుతారు. వెనుకభాగపు కుదురు ఎక్కడ నాటినా తన స్వభావాన్ని విడువదని 1950లలో న్యూయార్క్ వైద్యుడు నార్మన్ ఓరెంట్రైక్ నిరూపించారు. జీవుడు దేహాంతరానికి వెళ్ళినా వాసనలు వెంట వచ్చినట్లే, ఆ కుదురు సంస్కారం దాని వెంటనే వస్తుంది. ఈ చికిత్సకు మూలం ఇదే.

దీనినుండి కొన్ని సత్యాలు గ్రహించాలి. తీసిన కుదురు తీసిన చోట మరల మొలవదు. కనుక ఆ నిధి పరిమితం, దానిని తొందరపడి వ్యయం చేయరాదు. నాటిన కేశాలు నిలిచినా, చుట్టూ ఉన్న సహజకేశాలు రాలడం ఆగదు. అందుకే రాలే తీరు ఇంకా స్థిరపడని ఇరవై రెండేండ్ల యువకునికి వివేకియైన వైద్యుడు వేచియుండమని చెబుతాడు. మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ వంటి ఔషధాల అవసరాన్ని, వాటి దుష్ఫలితాలను ముందే వివరిస్తాడు. నాటిన వెంట్రుకలు కొద్ది వారాలలో రాలిపోతాయి. మూడు నాలుగు మాసాలకు తిరిగి మొలకెత్తుతాయి. పూర్ణఫలం కనబడడానికి సుమారు ఒక సంవత్సరం పడుతుంది. ఇది తెలియనివాడు రెండవ మాసంలోనే అద్దం ముందు విలపిస్తాడు.

అధికారి నిర్ణయం అన్నిటికంటె ముఖ్యం. గురుముఖతః అభ్యసించని మంత్రం వలె, శిక్షణ లేని చేతిలోని శస్త్రం ప్రమాదకరం. తగిన శిక్షణ పొందిన నమోదిత వైద్యులే ఈ చికిత్స చేయాలనీ, యూట్యూబులో చూసి నేర్చినది శిక్షణ కాదనీ 2022లో జాతీయ వైద్య కమిషన్ స్పష్టం చేసింది. 2016లో చెన్నైలో ఈ చికిత్స చేయించుకున్న ఒక వైద్య విద్యార్థియే తదనంతరం మరణించాడు. కనుక శస్త్రం పట్టేది ఎవరు, మత్తుమందు ఇచ్చేది ఎవరు, అత్యవసరమైతే ఏర్పాట్లేమిటి అని ముందే అడగండి. రాయితీ ప్రకటన చూసి శిరస్సు వంచకండి.

భక్తులు ప్రత్యేకంగా యోచించవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఈ చికిత్సకు సాధారణంగా ముందు తల గొరిగిస్తారు. కనుక తలనీలాల మ్రొక్కు ఉన్నవారు దానిని ముందుగా తీర్చుకొని, పిదప చికిత్సకు వెళ్ళడం ఉచితం. అనంతరం మ్రొక్కుకుంటే, వైద్యుని అనుమతి లభించే వరకు ఆగండి. కుదురు చర్మం లోపల ఉంటుంది గనుక, అది స్థిరపడిన తరువాత ముండనం చేసినా కేశం తిరిగి వస్తుంది. అయ్యప్ప మండలదీక్షలో క్షౌరం నిషిద్ధం, ఇరుముడి శిరస్సున ధరించాలి. కనుక దీక్షాకాలానికి చేరువలో ఈ చికిత్స తగదు. శిఖాధారులు ఆ సంగతిని వైద్యునికి ముందే తెలపాలి. చికిత్స జరిగిన దినాలలోనే పితృకర్మ నిమిత్తం క్షౌరం ప్రాప్తిస్తే భయపడవద్దు. ఆపద్ధర్మం శాస్త్రసమ్మతమే. మీ పురోహితునికి యథార్థం చెప్పి, వారి నిర్ణయం అనుసరించండి.

వివాహార్థం చేయించుకొనేవారికి ఒక మాట. చికిత్స అసత్యం కాదు, కాని వధువు పక్షం అడిగినప్పుడు దాచడం అసత్యమే. ఋణం చేసి కేశాలు తెచ్చుకొని, ఆ ఋణంతో గృహస్థాశ్రమం ఆరంభించడమూ శ్రేయస్కరం కాదు. కన్యాదాతలకూ నా విన్నపం: వరునిలో విద్యను, శీలాన్ని, ఆరోగ్యాన్ని పరీక్షించండి. శిరస్సుపై కేశాలను లెక్కించి సద్వరుని తిరస్కరించే కుటుంబం ఒక యువకుణ్ణి శస్త్రం వైపు నెట్టుతున్నదని మరువకండి.

చివరగా ఛాందోగ్యంలోని ఇంద్ర విరోచనుల ఆఖ్యాయికను స్మరించుదాం. ఆత్మజ్ఞానార్థులై వచ్చిన ఆ ఇరువురినీ ప్రజాపతి జలపాత్రలో చూడమన్నాడు. కేశాలు, గోళ్ళతో సహా తమ రూపమే వారికి కనబడింది. అలంకరించుకొని మరల చూశారు. విరోచనుడు అదే ఆత్మ అనుకొని తృప్తుడై వెళ్ళిపోయాడు. ఇంద్రునికి మార్గమధ్యంలో సందేహం కలిగింది: దేహం అలంకృతమైతే ఆత్మ అలంకృతమైతే, దేహం నశిస్తే ఆత్మా నశించవలెను గదా! అతడు తిరిగి వచ్చాడు. మొత్తం నూటొక్క సంవత్సరాలు బ్రహ్మచర్యం పాటించి తత్త్వాన్ని గ్రహించాడు.

గమనించండి, ఇంద్రుడు అలంకరించుకోవడం తప్పని ఆ కథలో లేదు. అక్కడే ఆగిపోకపోవడం అతని వివేకం. చికిత్స చేయించుకున్నా, చేయించుకోకున్నా అద్దంలో చూడండి. కాని విరోచనుని వలె తృప్తిపడి వెళ్ళకండి, ఇంద్రుని వలె ప్రశ్నతో తిరిగి రండి.

శుభం భూయాత్.