బాక్స్ మీద 'గ్రాఫీన్' అని ఉంటే సరిపోదు బాస్!

ముందు నా తప్పు ఒప్పుకుంటా. ఆ మధ్య ఓ గేమింగ్ ఫోన్ రివ్యూలో "గ్రాఫీన్ కూలింగ్ ఉంది, హీటింగ్ టెన్షన్ లేదు" అని రాసేశాను. అది చదివి మా బాబాయ్ కొడుకు ఆ ఫోన్ కొన్నాడు. రెండు వారాలకే కాల్ చేసి, "అన్నా, అరగంట ఆడితే చేత్తో పట్టుకోలేకపోతున్నా" అన్నాడు. గ్రాఫీన్ ఎంత వాడారో, ఏ రూపంలో వాడారో స్పెక్ షీట్‌లో లేనే లేదు. నేనూ అడగలేదు.

రాగి ఉష్ణవాహకత మీటర్-కెల్విన్‌కు సుమారు 400 వాట్లు. ఒక్క పొర గ్రాఫీన్‌కు ల్యాబ్‌లో 2000 పైనే కొలిచారు. కానీ దాన్ని పొడిగా థర్మల్ పేస్ట్‌లో కలిపితే ఆ నంబర్ దరిదాపుల్లోకి కూడా రాదు. గ్రాఫీన్ అయినా, కార్బన్ నానోట్యూబ్‌లైనా వేరే పదార్థంతో సులువుగా కలవవు. ఉప్మాలో రవ్వలా ఉండ కడతాయి. రెండు పదార్థాలు కలిసే అంచు దగ్గర వేడి ఆగిపోతుంది.

అంటే మార్చాల్సింది వాటి ఉపరితలాన్ని. పాత పద్ధతిలో గాఢమైన నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లలో ఉడికించి, మళ్లీ మళ్లీ కడగాలి. బోలెడు ఆసిడ్ వ్యర్థం మిగులుతుంది. నాకు నచ్చిన దారి అట్మాస్ఫియరిక్ ప్లాస్మా. రెండు ఎలక్ట్రోడ్‌ల మధ్య గాజులాంటి ఇన్సులేటర్ పెట్టి హై వోల్టేజ్ ఇస్తే, మామూలు గాలి పీడనంలోనే గ్యాస్ ప్లాస్మాగా మారుతుంది. వాక్యూమ్ ఛాంబర్ అక్కర్లేదు. 1857లోనే సీమెన్స్ ఓజోన్ తయారీకి వాడిన సూత్రం ఇది! ప్లాస్మాలో ఆక్సిజన్ ఉంటే కార్బన్ మీద హైడ్రాక్సిల్, కార్బాక్సిల్ గ్రూపులు చేరతాయి. పేస్ట్‌ను పట్టుకునే కొక్కేలు అవే.

అలాగని ఇదేం మ్యాజిక్ కాదు. డోసు ఎక్కువైతే కార్బన్ అల్లికే దెబ్బతిని, వేడిని మోసే గుణం పడిపోతుంది. పట్టు, వాహకత రెండూ బ్యాలెన్స్ చేయడమే అసలు ఇంజినీరింగ్.

అందుకే నా డిమాండ్ ఒక్కటే. కంపెనీలు గ్రాఫీన్ పేరు కాదు, తయారైన కూలింగ్ ప్యాడ్ ఉష్ణవాహకత ఎంతో స్పెక్ షీట్‌లో వేయాలి. నా వంతుగా, ఇకపై అరగంట గేమ్ ఆడి టెంపరేచర్ కొలవకుండా 'కూలింగ్'కు ప్లస్ పాయింట్ ఇవ్వను. ఎప్పుడైనా ఇచ్చానా, మా తమ్ముడిలా మీరూ నిలదీయండి.