స్కానుకు అందని నొప్పి

“స్కానులో ఏమీ లేదమ్మా, అంతా మీ భ్రమ.” ఈ మాట అనడానికి వైద్యుడికి అరనిమిషం చాలు. గర్భసంచి తీయించుకున్న నా శ్రీమతి దాన్ని ఏళ్ల తరబడి మోసింది.

పొట్ట కోసి కుట్టాక పేగులు ఒకదానికొకటి అతుక్కుపోవడం అతి సాధారణం. ఆ అతుకులు మామూలు స్కానులకు తరచు చిక్కవు. కాలిన ఇనుపగుండుకు పొగ లేదని నిప్పు లేదందామా? అలాగని ప్రతి నొప్పినీ అతుకులకే అంటగట్టడమూ దోషమే. నొప్పి లేకుండా అతుకులున్నవారు ఎందరో.

మళ్లీ కోసి విడదీస్తామనే తొందర రెండో అపచారం. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధనలో 100 మంది రోగులు. కొందరికి అతుకులు విడదీశారు, తక్కినవారికి లాపరోస్కోపుతో చూసి వదిలేశారు. ఏడాదికి ఇరుపక్షాలకూ నొప్పి తగ్గింది. చెప్పుకోదగ్గ తేడా లేదు! విడదీసినచోట మళ్లీ అతుక్కోవచ్చు, పేగుకు చిల్లూ పడవచ్చు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తొలగింపులకు దేశంలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. కోయడంలో ఉన్న ఉత్సాహం, కోత తరువాతి కథ వినడంలో ఏదీ?

వాంతులు, ఉబ్బరం, విరేచనమూ వాయువూ స్తంభించడం కనబడితే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. తక్షణం ఆస్పత్రికి వెళ్లాలి. తక్కిన వేళల్లో వైద్యులకు నా విన్నపం: ఇతర కారణాలు వెతకండి, నొప్పికి మందివ్వండి, కత్తిని చివరికి ఉంచండి. ముందుగా, ఆమె చెప్పేది నమ్మండి.