చిన్న ఆశ్రమములు – తనిఖీ

వాన తప్పిన యేట వేరుసెనగ చేను బీడువడగా, ముదిగుబ్బ మండలపు యువకులు కూలికై బెంగుళూరు దారి పట్టుట చిరకాలముగ చూచుచున్నదే. వారు పోయిన పిదప ఇంట మిగులువారు తల్లిదండ్రులు. ఒంటరితనమునకు రోగము తోడైనపుడు వారిలో కొందరు ఏదో యొక చిన్న వృద్ధాశ్రమమున చేరక తప్పదు. అద్దె యిల్లు, పది పండ్రెండు మంచములు, వంటమనిషి యొకతె, దాతలిచ్చిన బియ్యము: నేడు తెలుగుదేశమున పెక్కు పట్టణములం దిట్టి యాశ్రమములు నడచుచున్నవి. నడపువారిలో దయాళువులే హెచ్చు. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ యింటి విద్యుత్తు తీగలను, గ్యాసు బండను, రాత్రి తలుపు గడియను చూచువా రెవరని మాత్రమే అడుగుచున్నాము.

బిడ్డల విషయమున శాసనము స్పష్టముగనే యున్నది. 2015 సంవత్సరపు బాలల న్యాయ చట్టము 54వ సెక్షను ననుసరించి, ముగ్గురికి తక్కువగాని తనిఖీ సంఘము, అందొక స్త్రీయు నొక వైద్యాధికారియు నుండ, మూడు నెలల కొకమారైనను ప్రతి బాలల నిలయమును దర్శించి వారములోగా నివేదిక నీయవలయును. చట్టము చక్కనిదే. కాని 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నమున ఒక వసతిగృహములో ఆహారము విషమై పసిబిడ్డలు మరణించిన పిమ్మట గాని ఆ గృహమునకు అనుమతి లేదను సంగతి లోకమునకు తెలియలేదు. పుస్తకమున లేని యింటికి తనిఖీదారు పోడు.

వృద్ధుల పాలిటికి కేంద్ర శాసనమున ఆపాటి యేర్పాటును లేదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము, జిల్లాకొక్కటియైనను, 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమును ప్రభుత్వము నెలకొల్పవచ్చునన్నది. పదిమంది యాశ్రమమును గూర్చి మౌనము వహించినది. ప్రైవేటు ఆశ్రమములను రిజిస్టరు చేసి కనీస ప్రమాణములు విధింపదలచి 2019 డిసెంబరులో లోకసభ యెదుట పెట్టిన సవరణ బిల్లు, 2024లో ఆ సభతోడనే మురిగిపోయినది. అగ్నిమాపక శాఖవారి అనుమతి నిబంధనలా, ఎత్తైన మేడలను, విశాల భవనములను ఉద్దేశించినవి. అద్దె యిల్లు వారి దృష్టికి రాదు.

2001 ఆగస్టు 6వ తేదీని తమిళనాడు రామనాథపురము జిల్లా ఏర్వాడిలో, మానసిక రోగుల నుంచిన పాకకు నిప్పంటుకొని 28 మంది మాడిపోయిరి. వారిని గొలుసులతో కట్టియుంచిరి. ఆ గొలుసులు రహస్యములు కావు, ఊరంతయు నెరిగినవే.

నిబంధనలు బిగించినచో చిన్న యాశ్రమములు మూతపడి ముసలివారు వీధిపాలగుదురని కొందరందురు. ఇది త్రోసివేయదగిన వాదము కాదు. జరిమానాకై వచ్చు తనిఖీదారు లంచమునకును వచ్చునని మేమెరుగుదుము. మేము కోరు తనిఖీ వేరు. అది చెప్పకుండ, రాత్రివేళ రావలయును. చెప్పి వచ్చిన పగటి తనిఖీకి ప్రతి యిల్లును శుభ్రముగనే యుండును. బయటినుండి గడియ వేయుచున్నారా? లేవలేనివారిని మేడమీద నుంచిరా? రెండవ ద్వారము తెరచుకొనునా, లేక దానికడ్డముగ బియ్యపు మూటలున్నవా? మరుగుదొడ్డి యొద్ద దీపమును, పట్టుకొనుటకు కమ్మియు నున్నవా? నీళ్ల తొట్టి యెన్నడు కడిగిరి? ఏ ముసలమ్మ కే మందు ఏ వేళ నీయవలెనో వ్రాసిన కాగితము కలదా? వీనిలో పెక్కింటిని సరిదిద్దుటకు డబ్బంతగా పట్టదు. పట్టినచోట ప్రభుత్వమే యీయవలయును. కనుగొన్న లోపమును గడువుతో వ్రాసి గోడకంటించి, గడువునాడు మరల రావలయును.

క్రొత్త చట్టము వచ్చువరకు చేతులు ముడుచుకొనవలసిన పనిలేదు. వృద్ధుల ప్రాణరక్షణకు, ఆస్తిరక్షణకు సమగ్ర కార్యప్రణాళికను రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయింపవలయునని 2007 చట్టపు 22వ సెక్షను రెండవ ఉపసెక్షనే శాసించుచున్నది. ఆ మాటలలో ఈ తనిఖీ యిమిడియున్నదని మా యభిప్రాయము. 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాకు కలెక్టరుగారు మొదట ఆశ్రమముల పట్టిక నొకదానిని తయారుచేయించి, ముదిగుబ్బ, కదిరి, ధర్మవరము, హిందూపురము, పెనుగొండ పఠనమందిరములలో అంటింపజేయుదురు గాక. పట్టికకెక్కని యాశ్రమము ఏ వీధిలో నున్నదో అచ్చటి పాఠకులే చెప్పగలరు.