డ్రమ్స్‌ లేని దరువు!

1954 జులై 5 రాత్రి. అమెరికాలోని మెంఫిస్‌లో సన్‌ రికార్డ్స్‌ స్టూడియో. ఎన్ని పాటలు పాడినా కుదరక అంతా డీలాపడ్డారు. విరామంలో 19 ఏళ్ల ఎల్విస్‌ ప్రెస్లీ సరదాగా 'దట్స్‌ ఆల్‌ రైట్‌' అందుకున్నాడు. స్కాటీ మూర్‌ గిటార్‌తో, బిల్‌ బ్లాక్‌ బేస్‌తో జతకలిశారు. డ్రమ్స్‌ లేవు... బేస్‌ తీగల్ని లాగి, చరిచి పుట్టించిన టకటకలే దరువు! యజమాని శామ్‌ ఫిలిప్స్‌ వెంటనే రికార్డు చేశాడు. నల్లజాతీయుల బ్లూస్‌, శ్వేతజాతీయుల కంట్రీ సంగీతం కలిసిన ఆ బాణీయే రాకబిల్లీ. 70 ఏళ్లు దాటినా కాళ్లు కదిలించేది ఆ దరువే.

అయితే, 1946లోనే ఆ పాటను రికార్డు చేసింది నల్లజాతి గాయకుడు ఆర్థర్‌ క్రుడప్‌. పాట ఆయనదే. దాంతో మొదలుపెట్టిన ఎల్విస్‌ 'రాజు' అయ్యాడు. క్రుడప్‌ మాత్రం రావాల్సిన రాయల్టీ అందకుండానే 1974లో కన్నుమూశాడు.