అరుంధతి పక్కింటి అతిథి

2023 మే నెలలో మా ఊళ్ళో ఒక పెళ్ళికి వెళ్ళాం. మా ఊరంటే మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ నడుమ అనుకోండి. ఇప్పుడా దారిలో చేలకన్నా ఫంక్షన్ హాళ్ళే ఎక్కువ కనిపిస్తాయి. ముహూర్తం పగలు పదింటికి. తలంబ్రాలయ్యాక పురోహితులుగారు వధూవరులను షామియానా అంచుకు తీసుకొచ్చి, మండుటెండలో ఉత్తరంగా చేయి చాపి, "అదుగో అరుంధతి, కనిపించిందా నాయనా?" అన్నారు. "కనిపించిందండీ" అన్నాడు పెళ్ళికొడుకు. పెళ్ళికూతురు తలూపింది. మా అత్తగారు కూడా కళ్ళకు చేయి అడ్డం పెట్టుకు చూసి, "ఆఁ, ఆఁ" అన్నారు. నేనూ కాదనలేదు. పెళ్ళిళ్ళలో అబద్ధం దోషం కాదని శుక్రాచార్యులవారే సెలవిచ్చారు గదా!

ఆ వారంలోనే, ఇంటరు చదువుతున్న మావాడు పరుగెత్తుకొచ్చి, "అమ్మా! అరుంధతి పక్కన ఒక నక్షత్రం పేలిందట!" అన్నాడు.

సప్తర్షుల తోక చివర మరీచి. ఆయన పక్కన వసిష్ఠుడు. ఆయన్ని అంటిపెట్టుకుని అరుంధతి. మరీచి వసిష్ఠులతో కలిపితే త్రికోణమయ్యే చోట, కంటికి ఆనని నక్షత్రవీధి ఒకటి ఉంది. ఎం 101 అంటారు. మనకు సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. అందులో ఒక మహానక్షత్రం ఇంధనం అయిపోయి, నడిగర్భం కుప్పకూలి పేలింది. దీన్నే సూపర్‌నోవా అంటారు. మే 19న దాన్ని మొదట పట్టుకున్నది పెద్ద వేధశాల కాదు. కోయిచి ఇతగాకి అనే జపాను ఔత్సాహికుడు. దానికి 2023 ఐఎక్స్ఎఫ్ అని నామకరణం చేశారు. చుట్టం వచ్చిన నాడు 15కు దగ్గరగా ఉన్న ప్రకాశం, అయిదారు రోజుల్లోనే 11 దాకా ఎక్కింది. ఇక్కడ అంకె తగ్గితే వెలుగు పెరిగినట్టు. పరీక్షల్లో ర్యాంకు లాంటిదన్నమాట.

వాడి మేనమామ కొనిపెట్టిన 8 అంగుళాల దుర్భిణి ఒకటి మా ఇంట్లో ఉంది. మే 24 రాత్రి దాన్ని మేడ మీదికి మోశాం. దక్షిణాన ఔటర్ రింగ్ రోడ్డు దీపాలూ, ఆ వెనక నగరం వెలుగూ. ఉత్తరాన మాత్రం మాకింకా కాస్త చీకటి మిగిలింది. నక్షత్రవీధి ఎంత వెతికినా కనిపించలేదు గాని, పటంలో గుర్తుపెట్టిన చోట సన్నని చుక్క కనిపించింది. అంతే! ఆ వెలుగు బయలుదేరిన నాటికి భూమి మీద మనిషన్న వాడే లేడు.

చూసి ఊరుకుంటే సరదా. లెక్క రాసి పంపితేనే అది పరిశీలన. అమెరికాలో 1911లో మొదలైన చరతారా పరిశీలకుల సంఘం ఒకటి ఉంది. ప్రపంచం నలుమూలల నుంచీ ఔత్సాహికులు పంపే లెక్కలను అది దాచి, శాస్త్రజ్ఞులకు అందిస్తుంది. వారి పటంలో చుట్టుపక్కల తారల ప్రకాశాలు దశాంశ బిందువు లేకుండా, 11.3 అయితే 113 అని ఉంటాయి. ఆ బిందువును ఎవరైనా నక్షత్రమనుకుంటారేమోనని! మన చుక్క ఏ తారకన్నా మసక, ఏ తారకన్నా మెరుగు అని పోల్చి అంకె వేయాలి.

మావాడు 10.9 అన్నాడు. నాకు 11.2 అనిపించింది. కిందికి దిగాక వాడు ఆ రాత్రి ఇతరులు పంపిన అంకెలు చూసి, "అందరూ 11 లోపే రాశారమ్మా, నీది మార్చేద్దాం" అన్నాడు.

నిజం చెబుతున్నాను, చేయి ఊగింది. తెలుగు పాఠాలు చెప్పుకునేదాన్ని, నలుగురిలో నవ్వులపాలు కావడమెందుకని. కాని జవాబు పత్రాలు రెండోసారి దిద్దేవారికి మొదటివారు వేసిన మార్కులు ఎందుకు చూపించరు? చూస్తే ఆ దిద్దుబాటుకు అర్థమేముంది? నాకళ్ళు నావి. 11.2 అనే పంపాను. ఇతరుల లెక్కలు ముందుగా చూడవద్దని ఆ సంఘంవారే చెబుతారని తరవాత తెలిసింది. కనిపించకపోతే కనిపించలేదనీ, ఆ రాత్రి కనిపించిన అతి మసక తార ఏదో రాసి పంపవచ్చునట. దానికీ విలువ ఉంది.

అసలు తప్పు మరోచోట దొర్లింది. వేళను మన గడియారంతో కాక జూలియన్ దినాల్లో రాయాలి. మన సిద్ధాంతులు కల్యాది నుంచి లెక్కపెట్టే అహర్గణం లాంటిదే ఇదీ. క్రీ.పూ. 4713 నుంచి లెక్క. రోజు మధ్యాహ్నం మొదలవుతుంది. మేము చూసింది రాత్రి 9 గంటల 40 నిమిషాలకు. మావాడు అయిదున్నర గంటలు తీసివేయడం మరచి, 2460089.17 అని ఉండవలసింది .40 అని కొట్టాడు. అంటే ఇంకా రాని అర్ధరాత్రి తరవాత మేము నక్షత్రం చూశామన్నమాట! రోజురోజుకీ వెలుగు మారే చుక్కకు అయిదున్నర గంటలంటే తక్కువ కాదు. మర్నాడు దిద్ది పంపాం.

ఈ పని మనవారికి కొత్తేం కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత వేధశాల కట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న సూర్యుని మీదుగా శుక్రుడు సాగిపోవడాన్ని చూసి లెక్కలు లండనుకు పంపారు. జెస్సోరు ఖజానాలో చిరుద్యోగి రాధాగోవింద చంద్రగారు నేను చెప్పిన అమెరికా సంఘానికే 37 వేలకు పైగా పరిశీలనలు పంపారు. మెచ్చి వారాయనకు 6 అంగుళాల దుర్భిణి పంపించారు. నావి ఇప్పటికి నాలుగు.

రెండో రాత్రి మా అత్తగారు మోకాళ్ళు పట్టుకుంటూ మేడెక్కారు. "పోయిన నక్షత్రాన్ని చూస్తే తలస్నానం చేయాలేమో" అని సణుగుతూనే దుర్భిణిలో కన్ను పెట్టారు. చాలాసేపు చూశారు.

"నాకేం కనబళ్ళేదమ్మాయ్" అన్నారు.

"అలాగే రాసుకుంటాన్లే నానమ్మా. మరి మొన్న పెళ్ళిలో అరుంధతి?" అన్నాడు మావాడు.

"అది వేరురా" అని ఆవిడ మెట్లు దిగారు.