ట్రిప్ వద్దనకండి, నడక నేర్పండి

ఆగస్టు వచ్చిందంటే మన క్లాస్ గ్రూపుల్లో ఒకటే గోల. ఎవడో ఒకడు మారేడుమిల్లి జలపాతం రీల్ పెడతాడు. కింద పదిహేను మంది "ఎప్పుడు మామా?" అంటారు. ఆ వెంటనే ఇంట్లో ఏ అబద్ధం చెప్పాలా అని ప్లానింగ్ మొదలవుతుంది. ఒకడికి ప్రాజెక్ట్ వర్క్, ఇంకొకడికి ఫ్రెండ్ వాళ్ళ అక్క పెళ్ళి. అడిగితే ఒప్పుకోరని తెలుసు కాబట్టే ఈ అబద్ధాలు. ఇంట్లో అయితే "నీళ్ళ దగ్గరికా, వద్దు నాన్నా" అంటారు. చాలా కాలేజీల్లో అయితే నోటీసు బోర్డు మీదే ఉంటుంది: జలపాతాలకీ బీచ్‌లకీ వెళ్ళడం నిషేధం, వెళితే బాధ్యత మాది కాదు.

నా అభ్యంతరం ఆ నోటీసు మీద. ఆ నోటీసు వెనక ఉన్న భయం మీద కాదు. ఆ భయం నిజమైనదే. 2024 సెప్టెంబరులో ఏలూరు నుంచి మారేడుమిల్లి వెళ్ళిన మెడికల్ విద్యార్థులు జలతరంగిణి జలపాతం దగ్గర ఉండగా ఒక్కసారిగా వరద వచ్చింది. ముగ్గురు చనిపోయారు. మన వయసు వాళ్ళే. అంతకు పదేళ్ళ ముందు, 2014 జూన్ 8న, హైదరాబాద్ నుంచి హిమాచల్ ప్రదేశ్ టూర్‌కి వెళ్ళిన ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. అక్కడ పైన లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్ళు వదిలారు, ఇక్కడ పైన కొండ మీద వాన పడింది. రెండు చోట్లా పిల్లలు నిలబడ్డప్పుడు నీళ్ళు మామూలుగానే ఉన్నాయి.

మరి నిషేధం పెడితే వెళ్ళడం ఆగిందా? ఆగలేదు. చెప్పి వెళ్ళడం మాత్రం ఆగింది. ఇప్పుడు నలుగురు రెండు బైకులేసుకుని ఎవరికీ చెప్పకుండా వెళుతున్నారు. ఘాట్‌లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. రాత్రికి తిరిగి రాకపోతే ఎక్కడ వెతకాలో హాస్టల్ రూమ్మేట్‌కి కూడా తెలియదు. నోటీసు వల్ల కాగితం మీద బాధ్యత తగ్గి ఉండొచ్చు, వాగులో ప్రమాదం మాత్రం అంతే ఉంది, కొంచెం పెరిగింది కూడా.

అసలు సంగతి ఏంటంటే, మనం డెల్టా వాళ్ళం. తెనాలి, రేపల్లె, బాపట్ల, ఎటు చూసినా వరి చేలు, కాలవలు. మనకి ఎత్తు అంటే రైల్వే ఓవర్‌బ్రిడ్జే. మనకి తెలిసిన నీళ్ళు చెప్పి వచ్చే నీళ్ళు. ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలవలకి నీళ్ళు వదిలితే పేపర్లో వస్తుంది. దుగ్గిరాల లాకులు దాటి చివరి చేలకి చేరేలోపు రైతులు ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోతారు. సూర్యలంకలో సముద్రం ప్రమాదమే, కాదనను, కానీ అల కనపడుతూ వస్తుంది. కొండవాగు అలా రాదు. పుట్టినప్పటి నుంచి కాలవ గట్టు మీద తిరిగినవాడికి "నాకు నీళ్ళంటే భయం లేదు, ఈత వచ్చు" అనే ధైర్యం ఒకటి ఉంటుంది. ఆ ధైర్యం అక్కడ పనికిరాదు.

సివిల్ వాళ్ళకి హైడ్రాలజీలో 'టైమ్ ఆఫ్ కాన్సంట్రేషన్' అని ఒక టాపిక్ ఉంటుంది. పరివాహక ప్రాంతంలో అన్నిటికన్నా దూరాన పడ్డ వాన నీరు మనం నిలబడ్డ చోటికి చేరడానికి పట్టే సమయం అది. దీనికి కిర్పిచ్ 1940లో ఇచ్చిన సూత్రం మనం పరీక్షకి బట్టీ పట్టి, ఐదు మార్కులు తెచ్చుకుని, మర్చిపోతాం. ఒకసారి దాన్ని కొండ మీద పెట్టి చూడండి. వాగు పొడవు 3 కిలోమీటర్లు, ఆ పొడవులో 400 మీటర్ల దిగుడు అనుకుందాం. లెక్క వేస్తే వచ్చేది దాదాపు 20 నిమిషాలు. అదే 3 కిలోమీటర్లకి మన వైపు లాగా ఒక్క మీటరు దిగుడు ఉంటే 3 గంటల 20 నిమిషాలు. అది చిన్న పరివాహక ప్రాంతాల కోసం చేసిన అంచనా సూత్రమే, నేల తడినిబట్టి, రాళ్ళనిబట్టి మారుతుంది. కానీ తేడా చూడండి. మన తల మీద ఎండ కాస్తూ ఉంటుంది, పైన కొండ వెనక వాన దంచుతూ ఉంటుంది, ఇరవై నిమిషాల్లో అది మన కాళ్ళ దగ్గరుంటుంది. ఒక గ్రూప్ ఫొటో సరిగ్గా రావడానికి అంతకన్నా ఎక్కువ టైమ్ పడుతుంది.

"మోకాలి లోతే కదరా" అనేవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటాడు. వాడికి ఫ్లూయిడ్ మెకానిక్స్ గుర్తు చేయాలి. నీటి వేగం రెండింతలైతే మనిషి మీద పడే తోపు నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు. కింద పాచి పట్టిన రాయి. ఇక ఈత ఎక్కడ కొడతాడు?

అయితే ఇదంతా క్లాసులో కూర్చుని చెబితే ఎవరికీ ఎక్కదు. నాకైతే ఎక్కలేదు. కిందటి అక్టోబరులో మేము ఐదుగురం రాజమండ్రి దాకా రైల్లో, అక్కడి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళాం. మాతో దారి చూపడానికి అక్కడి కొండరెడ్డి అన్న ఒకాయన వచ్చాడు. రోడ్డు వదిలి గంటకు పైగా నడిచాం. జలపాతం చప్పుడు వినపడుతోంది. దాని ముందు ఒక చిన్న వాగు దాటాలి. ఆయన ఆగి కాసేపు నీళ్ళకేసి చూశాడు. తేటగా ఉన్న నీళ్ళలో కొంచెం ఎర్రమట్టి రంగు, పైన ఎండు పుల్లలు, ఆకులు. "పైన పడింది బాబూ. ఇవాళ్టికి చాలు, పదండి" అన్నాడు. మా వాడొకడు "అన్నా, ఎండ కాస్తా ఉంటే వానేంటన్నా, పది నిమిషాల్లో వచ్చేస్తాం" అని బతిమాలాడు. ఆయన సమాధానం చెప్పలేదు, వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. తర్వాత వరద వచ్చిందో లేదో మాకు తెలియదు. మేము అప్పటికి రోడ్డు మీద టీ తాగుతున్నాం.

నీళ్ళ రంగు మారడం, చెత్త కొట్టుకురావడం, చప్పుడు బరువెక్కడం, ఇందాక బయటికి కనపడ్డ రాయి మునగడం. ఇవి ఆయనకి ఏ సిలబస్‌లోనూ చెప్పలేదు. ఇలాంటి మనిషి పక్కన ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడాని ఏ నోటీసూ పూడ్చలేదు.

మరి జలపాతం చూడకుండా తిరిగొచ్చిన ట్రిప్ వేస్టా? అక్కడే మన రీల్స్‌తో నాకు పేచీ. రీల్‌లో దారి ఉండదు. కారు తలుపు తీయగానే జలపాతం ఉంటుంది. మన వైపు వాళ్ళు ఎక్కువగా వెళ్ళే ఎత్తిపోతల అలాగే చూసొస్తాం, చంద్రవంక డెబ్బై అడుగుల నుంచి దూకుతుంటే కంచె ఇవతల నిలబడి ఫొటో తీసుకోవడం. బాగుంటుంది, తప్పేం లేదు. కానీ మారేడుమిల్లి అడవిలో అసలు విషయం ఆ గంట నడకలో ఉంది. జీలుగు చెట్టు చూపించి దాని కల్లు ఎప్పుడు దిగుతుందో చెప్పాడాయన. చెట్టు నుంచి చెట్టుకి తాళ్ళలా పాకిన అడ్డతీగ చూపించాడు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళలో అడ్డాకు విస్తళ్ళలో తిన్నాం గానీ, ఆ ఆకు ఇంత పెద్ద తీగకి కాస్తుందని మాలో ఒక్కడికీ తెలియదు. వెదురు పొద కింద నేల ఎండాకులతో పరుపులా ఉంటుంది. వాన ఆగిన పావుగంట తర్వాత కూడా చెట్ల కింద చినుకులు రాలుతూనే ఉంటాయి.

అన్నట్టు, దీన్ని అందరూ 'రెయిన్‌ఫారెస్ట్' అని రాస్తారు గానీ, ఖచ్చితంగా చెప్పాలంటే ఇక్కడ ఎక్కువ భాగం తేమగల ఆకురాల్చే అడవి. తడి నిలిచే లోయల్లో మాత్రం ఏడాదంతా పచ్చగా ఉండే చెట్లు కలుస్తాయి. అసలు రెయిన్‌ఫారెస్ట్ కావాలంటే పడమటి కనుమల్లో ఆగుంబె వైపు వెళ్ళాలి. వర్షాకాలంలో ఆ తేడా మన కంటికి తెలియదు, కాబట్టి రీల్ పెట్టినవాడిని క్షమించొచ్చు.

ఇంకో మాట. 2022 ఏప్రిల్ 4న మన బాపట్ల జిల్లా పుట్టిన రోజే మన్యంలో అల్లూరి సీతారామరాజు పేరుతో కూడా జిల్లా ఏర్పడింది. ఆయన పేరు మనకి తెలుసు, 1922-24 పోరాటం తెలుసు. 1882 మద్రాసు అటవీ చట్టం కొండవాళ్ళ పోడుకీ, వాళ్ళు వాళ్ళ అడవిలోనే స్వేచ్ఛగా తిరగడానికీ అడ్డుపడటం దానికి ముఖ్య కారణాల్లో ఒకటని పాఠంలో చదివాం. ఆ కొండల్లోకి ఇప్పుడు మనం ఎలా వెళ్తున్నాం? బయటి నుంచి కారు, బయటి నుంచి స్పీకరు, బయటి నుంచి సీసాలు. అక్కడివాళ్ళ దగ్గర మనం కొనేది బొంగులో చికెన్ ఒక్కటే. (అది మాత్రం వదలొద్దు.) తాగి పగలగొట్టిన సీసా ముక్కలు ఆ దారిలో చెప్పులు లేకుండా నడిచే పిల్లల కాళ్ళలో దిగుతాయని ఎవరూ ఆలోచించరు. వలమూరులో వన సంరక్షణ సమితి వాళ్ళే నడుపుతున్న విడిది ఉంది. అలాంటి చోట దిగి, వాళ్ళలో ఒకరిని కూలి ఇచ్చి తోడు తీసుకుంటే ఆ డబ్బు ఊళ్ళోనే ఉంటుంది, మన ప్రాణం మన దగ్గరుంటుంది.

అందుకే కాలేజీల్ని అడిగేది ఇదే. నిషేధం తీసి ఒక ఫారం పెట్టండి. ఎవరు వెళ్తున్నారు, ఎక్కడ దిగుతారు, దారి చూపేది ఎవరు, ఇంట్లో సంతకం. వాతావరణ శాఖ హెచ్చరిక ఎల్లో ఉన్నా వాయిదా. గైడ్ వెనక్కి అంటే వెనక్కే, అక్కడ ఓటింగ్ లేదు. వెళ్ళే ముందు సివిల్ వాళ్ళు ఎవరైనా ఒక గంట ఆ 20 నిమిషాల లెక్క బోర్డు మీద వేసి చూపించాలి. ఏ బ్రాంచి వాడికైనా అర్థమవుతుంది.

ఇక జూనియర్లు నన్ను అడిగితే నవంబరు చివర్లో గానీ, డిసెంబరులో గానీ వెళ్ళమంటాను. వానలు తగ్గి ఉంటాయి, పొద్దున పొగమంచు ఉంటుంది, దారి ఆరి నడవడానికి బాగుంటుంది. దోమతెర, ఒళ్ళంతా కప్పే చొక్కా తీసుకెళ్ళండి, ఏజెన్సీలో మలేరియా ఎక్కువ. అప్పటికి జలపాతం కొంచెం సన్నబడుతుంది. రీల్‌కి వ్యూస్ కూడా తక్కువే వస్తాయి.