పల్లెబడిలో ఖండముల పాఠము

ఖండము లెన్ని యని ప్రాథమిక పాఠశాలలో నడిగినచో పిల్లలు ఏడని యేకకంఠముతో పలుకుదురు. పేరులను గడగడ నప్పగింతురు. తనిఖీకి వచ్చిన యధికారి తృప్తిపడును. ఉపాధ్యాయుడు ఊపిరి పీల్చుకొనును. గోడను మెర్కేటరు పద్ధతి పటము వ్రేలాడుచున్న బడిలో ఆ పిల్లలలో నొకనిని దగ్గరకు పిలిచి, ఆఫ్రికా పెద్దదో గ్రీన్లాండు పెద్దదో చూచి చెప్పుమన్నచో, రెండును ఇంచుమించు సమానమనును. వానియందు తప్పు లేదు; కన్నులు చూచినదే చెప్పినాడు. ఏడు పేరులతోపాటు ఈ తప్పు చూపును సైతము నేర్పుచున్న చదువును గూర్చి పెద్దలు ఆలోచింపవలసియున్నది.

ఆ పటమును 1569వ సంవత్సరమున మెర్కేటరను పండితుడు నావికుల కొరకు రచించెను. దిక్సూచి చూపు ఒకే దిక్కును పట్టి పోవు ఓడ మార్గము దానిపై తిన్నని గీతగా నుండును. సముద్రయానమున కది మహోపకారమే. కాని యీ సౌకర్యము ఊరక రాలేదు. ధ్రువముల వైపునకు పోవుకొలది దేశములు సాగి పెద్దవగును. భూమధ్యరేఖకు చేరువనున్నవి వాని ప్రక్కన చిన్నబోవును. నిజమునకు గ్రీన్లాండు వైశాల్యము సుమారు 21 లక్షల 70 వేల చదరపు కిలోమీటర్లు. ఆఫ్రికా 3 కోట్లకు పైబడినది. పదునాలుగు గ్రీన్లాండులు చేరిన నొక ఆఫ్రికా యగును. మన దేశమే 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లతో గ్రీన్లాండునకు ఒకటిన్నర రెట్లున్నది. పటమును చూచి పెరిగిన పిల్లవాడు ఈ మాట నమ్ముట కష్టము. అమెరికాలోని బోస్టను నగర పాఠశాలలు 2017లో వైశాల్యములను సరిగా చూపు వేరొక పటమును తరగతులకు తెచ్చినవి. 2025లో ఆఫ్రికా దేశముల సమాఖ్యయే మెర్కేటరు పటమును విడువవలెనను ఉద్యమమునకు మద్దతు తెలిపినది. మన చేతి ఫోనులలోని పటములు మాత్రము నేటికిని చాలవరకు ఆ పద్ధతివే.

ఇది కొలతల గొడవ మాత్రమే యనుకొనరాదు. ఎనిమిదేండ్ల ప్రాయమున మనసున నాటిన బొమ్మ ఎనుబదియేండ్ల వరకును చెరగదు. పటమున చిన్నది మనసునను చిన్నదగును. యాబదికి పైగా స్వతంత్ర దేశములున్న ఖండము మనవారి నోట నొక దేశమువలె వినబడుచున్నది. చదువు నిమిత్తము మన నగరములకు వచ్చు ఆ ఖండపు యువకులను ఏ దేశమువారని యడుగు ఓపిక మనలో నెందరికున్నది? విదేశమున మన పిల్లలను మదరాసీలని యొక్క మాటతో తేల్చివేసినచో మనకు కోపము వచ్చును గదా!

కావున మొదట పిల్లల చేతికి ఈయవలసినది పటము కాదు, గోళము. ఆర్యభటుడు 499 ప్రాంతముననే భూమిని కదంబపుష్పముతో పోల్చి, దాని చుట్టును కేసరములవలె ప్రాణులు అన్ని వైపుల నున్నవని చెప్పెను. కడిమి పువ్వు దొరికిన ఊరిలో ఉపాధ్యాయునికి ఇంతకన్న పరికరమేల? పిమ్మట నొక బత్తాయి తొక్కను చెక్కుచెదరకుండ ఒలిపించి, బల్లపై చదునుగా పరువుమనవలెను. తొక్క చినుగును, చినుగకుండ పరువవలెనన్న సాగదీయవలసి వచ్చును. పటము అబద్ధమెందులకు చెప్పునో పిల్లవాని వ్రేళ్లకే తెలియును.

కొందరు పెద్దలు, పురాణములలోని సప్తద్వీపములే యీ సప్తఖండములని బోధింపుడని సలహా నిచ్చుచుందురు. మాకది సమ్మతము కాదు. పురాణద్వీపములు మేరువు చుట్టును వలయములుగా నున్నవి. వాని నడుమ చెరకురసము, నేయి, పాలు మొదలగువాని సముద్రములున్నవి. లెక్క కలిసినంతనే వస్తువు కలియదు. పైగా ఏడను లెక్కయు స్థిరమైనది కాదు. దక్షిణ అమెరికా దేశములలో పెక్కింట రెండమెరికాలను ఒకే ఖండముగా బోధింతురు. ఒలింపిక్ పతాకముపై ఖండములకు గుర్తుగా నున్న వలయములు అయిదే. ఐరోపా ఆసియాల నడుమ సముద్రము లేదు. ఉరల్ పర్వతములను పొలిమేరగా నెంచుట పదునెనిమిదవ శతాబ్దపు మాట. ఒకటే యగు భూమికి మూడు పేరులేల పెట్టిరో తనకు తెలియదని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు రెండువేల నాలుగువందల యేండ్ల క్రిందటనే వ్రాసెను. గట్టు తగవులలో తలపండిన మన రైతులకు పొలిమేర మనుష్యులు పెట్టినదని వేరుగ చెప్ప నక్కరలేదు. పిల్లవాడు ప్రశ్నించినపుడు ఉపాధ్యాయుడు గద్దింపక, ఇది మనుష్యుల ఏర్పాటని నిజము చెప్పిన చాలును.

సంకల్పములో మాత్రము మనకు పనికివచ్చు క్రమమొకటి కలదు. అందు ద్వీపముతో మొదలుపెట్టి వర్షము, ఖండము, నదీతీరము దాటి మన యింటికి దిగివత్తుము. బడిలో దానిని తిరుగవేసి యింటినుండి బయలుదేరవలెను. వంటయిల్లే చాలును. మన పచ్చడిలోని మిరప అమెరికా పంట. పదునైదవ శతాబ్దము ముగియువరకు మన పూర్వులు దాని నెరుగరు, పోర్చుగీసు ఓడలు తెచ్చినవి. గుంటూరు పేరు మిరపతో ముడిపడుట నిన్నమొన్నటి సంగతియే యనవలెను. అనంతపురపు వేరుసెనగ దక్షిణ అమెరికాది. సీతాఫలము పేరున సీత యున్నను దాని పుట్టినిల్లును అమెరికాయే. ఇక ఆఫ్రికాకు మనము పడిన ఋణము ఎక్కువ. జొన్న అచ్చటిది, రాగి ఇథియోపియా, ఉగాండాల మెట్టభూములది, చింతయు అచ్చటిదే, ఎంత ప్రాచీనకాలమున వచ్చెనో కాని! రాయలసీమ సంకటియు, తెలంగాణపు జొన్నరొట్టెయు, ఇంటింటి చారును ఆ ఖండము నుండి వచ్చినవని విన్న పిల్లవాడు దానిని చిన్నచూపు చూడగలడా? మనవారును అచ్చటికి పోయినారు. 1860 నవంబరు 16న మదరాసు నుండి పోయిన ట్రూరో యను ఓడ దర్బను రేవు చేరినది. నాటినుండి చెరకుతోటల కూలికి అచ్చటికి పోయినవారిలో తెలుగువా రనేకులు.

పెద్ద తరగతుల వారికి సింగరేణి బొగ్గును చూపవచ్చును. అది గోండ్వానా శిలలలోనిది; గోండుల సీమను బట్టి పెట్టిన ఆ పేరే, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో మన నేల కలిసియున్న నాటి మహాఖండమునకు ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చినది. మన తూర్పుకనుమల రాళ్లకు అంటార్కిటికా రాళ్లతో చుట్టరికమున్నది. విడివడిన మన నేల నేటికిని ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరమునకు జరుగుచున్నది.

ఇందులకు కావలసిన ధనము మిక్కిలి స్వల్పము. ఉత్సవములకు, విందులకు వేలు వెచ్చించు మన గృహస్థులు తమ యూరి బడిలో పిల్లలు చేత పట్టుకొని త్రిప్పదగిన గోళమున్నదో లేదో యొకసారి పోయి చూడవలెను. లేకున్న కొనియీయవలెను. ఉన్నను బీరువాలో పెట్టి తాళము వేసియుండవచ్చును. ఆ తాళము తీయించుట పాఠశాల సంఘముల పని. విద్యాశాఖవారు చేయవలసిన దొకటి కలదు. పరీక్షలో ఏడు ఖండముల పేరులు వ్రాయుమను ప్రశ్నను తొలగించి, నిన్న రాత్రి నీవు భుజించిన పదార్థములలో ఏది ఏ ఖండమున పుట్టినదో, గోళముపై అది మన యూరికి ఏ దిక్కున నున్నదో వ్రాయుమని యడుగవలెను.